బాగుందంటే భయం

సెప్టెంబరు 14

అత్తా,

గుండుసూది నమస్కారాలు. దూరం నుంచి పెడుతున్నాను కాబట్టి గుచ్చుకోవు.

చేరాను, తిన్నాను, పడుకున్నాను. నాన్నకి ఈ మూడు ముక్కలూ ఫోన్లో చెప్పేశాను. నీకు చేస్తే ఎత్తవు. ఎత్తినా "ఆ ఆ, అన్నీ ఉత్తరంలో రాయి" అని పెట్టేస్తావు. మేనత్తకి కాగితం మీద ఉత్తరం రాసి స్టాంపు అంటించే పిల్ల ఈ పరాయి దేశం మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను. పోస్టాఫీసు కౌంటర్లో ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

ఈ సంగీత కాలేజీ హాస్టలు గదిలో రెండు మంచాలు, రెండు బల్లలు, ఒక్కటే కిటికీ. ఆ కిటికీ నా రూమ్మేట్ వైపుంది. ఆమె క్లారినెట్ చదువుతోంది. పొద్దున్నే ముఖం కడుక్కోకముందే ఊదడం మొదలుపెడుతుంది. మనిషి మంచిదే, ఊదనప్పుడు. సాధన గదులు భవనం అడుగున వరసగా ఉంటాయి. ప్రతి తలుపుకీ చిన్న అద్దం. నడవాలోంచి వెళ్తుంటే ఒక్కో అద్దంలో ఒక్కొక్కరు తమతో తామే పోట్లాడుకుంటూ కనిపిస్తారు. అందరూ నిలబడే వాయిస్తారు. నేను నేల మీద కూర్చుని, వయొలిన్ తలని మడమకి ఆనించి మొదలుపెట్టేసరికి తలుపు బయట చిన్న గుంపు చేరింది.

అసలు సంగతి మాస్టారు. పొడుగ్గా, సన్నగా ఉంటాడు, కోటు మోచేతుల దగ్గర అరిగిపోయింది. నేను వాయించాను. మధ్యలో వేలు జారి పక్క స్వరం మీద పడింది. నువ్వైతే ఈపాటికి చేతిలో ఉన్నదేదో విసిరేదానివి. ఆయన కళ్లు మూసుకుని విని "అద్భుతం" అన్నాడు. ఆ తరవాత ఏదో చెబుతూనే ఉన్నాడు గానీ నాకు ఎక్కలేదు. నా బుర్రలో బ్యాంకు మేనేజరు గారి భార్య తిరుగుతోంది. అన్నేళ్లు నీ దగ్గర నేర్చుకుని సరళీ స్వరాలు దాటని మహాతల్లి. నువ్వు "బాగుందమ్మా" అన్నది నా ఎరుకలో ఆవిడ ఒక్కదానితోనే.

చెప్పు అత్తా. ఈయన నన్ను మొదటిరోజే వదిలేశాడా?

నీ గుండుసూది


సెప్టెంబరు 29

గుండుసూదీ,

నీ ఉత్తరం చేరింది. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. వేళ్లు వయొలిన్ మీద ఎంత నిదానంగా పెడతావో కాగితం మీదా అంతే నిదానంగా పెట్టమని ఎన్నిసార్లు చెప్పాను! ఫోన్ గొడవ మళ్లీ ఎత్తకు. ఫోన్లో మాట గాలికి పోతుంది. ఉత్తరమైతే రెండుసార్లు చదువుకుని రెండుసార్లు కోపం తెచ్చుకోవచ్చు.

ఇక్కడ కొత్తగా చెప్పేదేం లేదు. మోకాళ్ల నొప్పులు. పాఠాలు చాలావరకు మానేశాను. పై వాటాలో ఒక్కదాన్నీ కూర్చుని, మెట్లెక్కి వచ్చిన ప్రతివాళ్లతోనూ వాగుతున్నాను. తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవు కదా. కాలు ఊరుకుంది, నోరు మిగిలింది.

మీ భేష్ మాస్టారి సంగతికి వస్తాను. నీ అనుమానం నాకూ వచ్చింది. నేను చెప్పేది జాగ్రత్తగా విను. గురువు తిట్టాడంటే నీ మీద ఇంకా ఆశ ఉందని. తిట్టడం మానేశాడంటే అలిసిపోయాడని. పొగిడాడంటే తలుపు తీసి బయటికి దారి చూపించాడని. మేనేజరు గారి భార్యకి సంగీతం రాదని నాకు రెండో నెలలోనే తెలుసు. పాపం, మధ్యాహ్నం పూట ఆవిడకి ఇంట్లో తోచదు, అందుకని వచ్చేది. ఆవిడని తిట్టి నాకేం లాభం? నిన్ను తిట్టాను, ఎందుకంటే నీ చెయ్యి చూసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నువ్వు వాయించేది ఫోన్లో రికార్డు చేసి పంపు. నేను వింటాను. అక్కడెవరూ చెప్పకపోతే ఇక్కడి నుంచి నేను చెబుతాను. ఎంత దూరమైతే ఏం, నా తిట్టు చేరుతుంది.

మీ అత్త


అక్టోబరు 17

అత్తా,

కుశలమే అనుకో. కుదురు మాత్రం లేదు. ఒక సాధన గదిలో పది నిమిషాలు వాయిస్తే పక్క గది బాగుంటుందనిపిస్తుంది. అక్కడికి వెళ్తే మొదటిదే నయమనిపిస్తుంది. కాళ్లు కాలిన పిల్లిలా తిరుగుతున్నానని మా రూమ్మేట్‌కి అభినయించి చూపించాను, ఇక్కడి మాటలో దానికేమంటారో తెలియక. ఆమె నాకు బొబ్బలెక్కాయనుకుని మందు తెచ్చింది.

ఒక పని చేశాను, కోప్పడకు. మాస్టారికి పరీక్ష పెట్టాను. పాఠం మధ్యలో కావాలనే ఒక వరస మొత్తం అపశ్రుతిలో వాయించాను. అరమెట్టు కిందికి, సిగ్గు లేకుండా. ఆయన తల ఒక పక్కకి వంచి విన్నాడు. "ఆసక్తికరంగా ఉంది. నువ్వేదో వెతుకుతున్నావు" అన్నాడు, నవ్వుతూ. వెతుకుతున్నాను, ఈ భవనంలో చెవులున్న మనిషి ఒక్కరైనా ఉన్నారా అని! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది అత్తా నా చదువు. ఆ తరవాత ఆయన చెప్పిందంతా "సరే సరే" అంటూ పెట్టె సర్దుకుని వచ్చేశాను.

నీకు రికార్డింగ్ పంపాను. నిలబడి వాయించింది. గడ్డం కింద వయొలిన్ ఇంకా పరాయిదానిలాగే ఉంది. కడిగి పారెయ్. నీ తిట్లకి మొహం వాచి ఉన్నాను.

గుండుసూది


నవంబరు 2

గుండుసూదీ,

విన్నాను.

మణికట్టు బిగించావు. ఎప్పుడూ ఉన్న రోగమే. చెయ్యి వదులు చెయ్యి, ఇంకా వదులు. పై తీగ మీదికి వెళ్లేటప్పుడు తొందరపడి శ్రుతి జారావు. నిదానం అనేది నీ జాతకంలో లేదు. కమాను సగంలోనే బలం అయిపోతోంది, చివరిదాకా దాచుకోవడం రాలేదు. ఇన్నాళ్లూ నేర్పింది సముద్రం దాటేటప్పుడు నీళ్లలో పడేశావా?

మాస్టారికి దొంగ పరీక్షలు పెట్టడం మన ఇంటా వంటా లేదు. అలా చాటుగా కాదు. అడగందే అమ్మైనా పెట్టదు. ఎదురుగా నిలబడి అడుగు: అయ్యా, నాలో తప్పులేమిటి, ఎందుకు చెప్పరు, నన్ను వదిలేశారా అని. మర్యాదగానే, సూటిగా. సమాధానం ఏం వచ్చిందో రాయి.

ఇక్కడ వానలు పడుతున్నాయి. పడుతున్నాయని కిటికీలోంచి చూస్తే తెలిసింది.

మీ అత్త


నవంబరు 24

అత్తా,

నీ ఉత్తరం చదివి ఎంత హాయిగా నిద్రపోయానో! ఇన్ని తప్పులున్నాయంటే నేనింకా బతికే ఉన్నట్టు. మణికట్టు వదులు చెయ్యడం ఆ పొద్దున్నే మొదలుపెట్టాను.

మాస్టారిని అడిగాను కూడా. ఆ కథ విను. నీ మాటలనే వాళ్ల భాషలో పెట్టాను: "నన్నెందుకు తిట్టరు? మా అత్త రోజూ తిట్టేది. విసిరేది కూడా." కమాను తుడిచే గుడ్డ విసిరేదానివని చెప్పాలి, గుడ్డకి మాట తట్టలేదు. ఆయన మొహం పాలిపోయింది. నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, చాలా మెల్లగా "నిన్నెవరైనా బాధపెట్టారా?" అన్నాడు. మర్నాడు ఆఫీసు నుంచి పిలుపు. మూడో అంతస్తులో ఒక మనసు డాక్టరమ్మ. మెత్తటి కుర్చీ, బల్ల మీద టిష్యూల పెట్టె. ఆ పెట్టె మాటిమాటికీ నా వైపు జరుపుతుంది. నాకు ఏడుపు రావడం లేదని ఆవిడకి దిగులు. "మీ అత్త ఇంట్లో నీకు భయం వేసేదా?" అంది. వేసేది అన్నాను. ఏదో రాసుకుంది. "ఇప్పుడు దూరంగా ఉన్నావు కదా, ఎలా ఉంది?" బెంగగా ఉంది అన్నాను. ఆవిడ కలం ఆగిపోయింది.

నవ్వొచ్చింది గానీ, ఆ తరవాత మాస్టారు మరీ మెత్తబడిపోయాడు. గాజు బొమ్మతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. మణికట్టు చూసి మాత్రం "ఎందుకు మార్చావు? ముందున్నది బాగుందే" అన్నాడు. ఆయనకన్నీ బాగానే ఉంటాయి. నేను నీ మాటే వింటున్నాను. చెయ్యి సాయంత్రానికల్లా లాగేస్తోంది. అలవాటు లేక కాబోలు.

భయం ఎక్కడంటే, జనవరిలో ఇక్కడి పెద్దవాళ్లంతా వరసగా కూర్చుంటారు. వాళ్ల ముందు వాయించాలి. మెప్పిస్తే సీటు నిలుస్తుంది, లేకపోతే ఇంటికే. అప్పుడు వాయించబోయేది రికార్డు చేసి పంపాను. నిజం చెప్పే మనిషి నాకు నువ్వొక్కదానివే ఉన్నావు. చెప్పు, నెగ్గుతానా?

గుండుసూది


డిసెంబరు 8

మేనకోడలా,

ఆ డాక్టరమ్మ చిరునామా నాకు పంపు. నేను కొట్టానా? తిట్టానా? తిట్టాను! తిట్టక ఒళ్లో కూర్చోబెట్టుకుని జోకొడితే వచ్చేదా ఆ చెయ్యి? గుడ్డ విసిరింది నిజమే, ఆ గుడ్డ నీకు ఒక్కసారైనా తగిలిందా? భయం వేసేదని చెప్పొచ్చావట. మీ నాన్నకి తెలిస్తే ఏమనుకుంటాడు? రెండు రోజులు అన్నం సయించలేదు నాకు.

రికార్డింగ్ విన్నాను. దిగజారిపోయావు. చివర కమాను వణుకుతోంది. మణికట్టు ఇంకా బిగిసే ఉంది, వదులు చెయ్యమంటే అర్థం కాదా? తొందర తగ్గలేదు. ఇదే వాయిస్తే ఆ పెద్దవాళ్ల ముందు నువ్వు నెగ్గవు.

నేనొకటి చెబుతాను, ఆవేశంలో కాదు, ఆలోచించే. వచ్చెయ్. నీకు తప్పు చెప్పని చోట, చెప్పమంటే పిచ్చిదాన్ని చూసినట్టు చూసే చోట నీకేం పని? ఇక్కడ నా ఎదురుగా చాప ఖాళీగానే ఉంది. నీ చెయ్యి నాకు ఎదురుగా కనబడుతుంటే ఆరు నెలల్లో దార్లో పెడతాను. వాళ్లు పంపించేదాకా ఉండి తలవంచుకుని రావడం కంటే, నీ అంతట నువ్వే రావడం మేలు.

మీ అత్త


డిసెంబరు 20

అత్తా,

నువ్వు రమ్మన్నావు కదా, ఉత్తరం అందిన మర్నాడే ఆఫీసులో మానేస్తున్నానని కాగితం ఇచ్చేశాను. జనవరిలో వాయించే రోజుదాకా గడువుంది, మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చన్నారు. మారదన్నాను. మాస్టారు నడవాలో ఎదురైతే తల దించుకుని పోయాను.

ఆ సాయంత్రం పెట్టె సర్దుతూ, నువ్వన్న ఆ చివరి వణుకు ఎక్కడుందో చూద్దామని నీకు పంపిన రికార్డింగ్ పెట్టి విన్నాను.

అది క్లారినెట్ అత్తా.

మా రూమ్మేట్ ఫోన్ పాడైతే నా ఫోన్లో రికార్డు చేసుకుంది. నేను చూసుకోకుండా అదే నీకు పంపాను. మొదటి నుంచి చివరిదాకా క్లారినెట్టే. ఊదే వాయిద్యానికి కమాను ఎక్కడిది? అది వణికేదెక్కడ? క్లారినెట్‌కి మణికట్టు వదులు చెయ్యడమేమిటి?

నువ్వు వినలేదు. పెట్టి చూడను కూడా లేదు. ఏదో ఒకటి తిడితే చాలు, ఈ పిల్ల సంబరపడుతుంది అనుకున్నావు. మేనేజరు గారి భార్యకి "బాగుందమ్మా", నాకు "మణికట్టు". రెండూ ఒకటే. నన్నూ వదిలేశావన్నమాట. వదిలేస్తే వదిలేశావు, చెప్పొచ్చుగా! నీ మాట మీద బాగున్న చెయ్యి పాడుచేసుకున్నాను. రాత్రి దువ్వెన పట్టుకుంటే వేళ్లు ముడుచుకోవడం లేదు. నీ మాట మీద సీటు వదులుకున్నాను. మొదటి రికార్డింగ్ అయినా విన్నావా? ఒట్టేసి చెప్పు.

నాకు నీ మీద ఎంత కోపంగా ఉందంటే, నీకు ఫోన్ చేసి అరుద్దామని చేశాను. ఎత్తలేదు.


జనవరి 3

అమ్మలూ,

వదిలెయ్యలేదే. వినబడలేదు.

ఒక్క వాక్యం రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. ఇక ఆగకుండా రాసేస్తాను.

ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడిది మెల్లమెల్లగా పోతూ వచ్చింది, మొదట పై తీగ, ఆ తరవాత అన్నీ. నువ్వు విమానం ఎక్కేనాటికి మనిషి ఎదురుగా నిలబడి గట్టిగా అరిస్తే తప్ప తెలిసేది కాదు. ఇప్పుడు అదీ లేదు. ఎవరికీ చెప్పలేదు. మీ నాన్నకీ తెలియదు. నేనే గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంటే ఎదుటివాళ్లకి మాట్లాడే సందు దొరకదు, నాకు వినాల్సిన అవసరం రాదు. వాగుడుకాయ అన్న పేరు చెవిటిదన్న పేరు కంటే నయమనుకున్నాను. డాక్టరు చెవికి మిషన్ పెట్టాడు. మాటలు కొంచెం తెలిశాయి. వయొలిన్ మాత్రం డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంది. తీసి అలమరాలో పడేశాను.

చివరి ఏడాదంతా నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను, గుర్తుందా? అంతకుముందు పక్కన కూర్చునేదాన్ని. నీ వేలు ఎక్కడ పడిందో చూస్తే స్వరం నాకు తెలిసిపోతుంది. కమాను కదలిక చూస్తే బలం తెలుస్తుంది. కళ్లతో విన్నాను నిన్ను. నువ్వు కనుక్కోలేకపోయావు.

నీ రికార్డింగ్ వచ్చినప్పుడు ఫోన్‌ని బల్ల మీద పెట్టి దాని మీద అరచెయ్యి వేశాను. ఏదో పాకినట్టు కదిలింది. మొదటిదీ అంతే, రెండోదీ అంతే. నా అరచేతికి వయొలిన్‌కీ క్లారినెట్‌కీ తేడా తెలియలేదు. తిట్లు మాత్రం నా దగ్గర నిలవున్నాయి. నువ్వు చిన్నప్పుడు చేసిన తప్పులే ఏరి రాశాను. అవి నువ్వు ఎప్పుడో దిద్దుకున్నావు. నీ చెయ్యి నొప్పి చదివాక నా చెయ్యి నరుక్కోవాలనిపించింది.

ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు వెళ్లవు. ఇది నలుగురికీ చెప్పుకోదగ్గ కారణం. అసలుది వేరే. నీకు అత్తలు ఇంకా ఉన్నారు, పిన్నులున్నారు. గురువుని నేనొక్కదాన్నే. ఆ ఒక్కటీ పోతే నీకు నేనెవర్ని? ఇంకొన్నాళ్లు ఉందామనుకున్నాను. ఆశే, ఇంకేం కాదు.

రమ్మన్నదీ అందుకే. అక్కడ నీ స్వరమూ వినబడదు, నీ చెయ్యీ కనబడదు. ఇక్కడుంటే చెయ్యైనా కనిపిస్తుందని.

నా మాట ఇది ఒక్కటి విను, మళ్లీ వినకు. కాగితం వెనక్కి తీసుకో. మణికట్టు నీకు ముందెలా ఉండేదో అలాగే పట్టుకో. మాస్టారి దగ్గరికి వెళ్లు. ఆయనెలాంటివాడో నాకు తెలియదు గానీ, ఆయనకి చెవులున్నాయి. నెగ్గుతానా అని నన్ను అడిగావు. నాకు తెలియదే తల్లీ. నాకు సేవలు చేస్తానంటూ బయల్దేరావంటే గుమ్మంలోంచే వెనక్కి పంపిస్తాను. నువ్వు తలుపు కొట్టినా ఎలాగూ నాకు వినబడదు.

మీ అత్త


జనవరి 27

అత్తా,

నీ ఉత్తరం చదివి ఏం చెయ్యాలో తోచక ఊరంతా నడిచాను. ఒక వీధి చివర షట్టర్లు దించిన కొట్లు, గోడవారన సైకిళ్లు. ఎటు వచ్చానో తెలియలేదు. చదువు మానేసి నీ దగ్గరికి వచ్చెయ్యాలనిపించింది. నిన్ను పట్టుకుని ఊపెయ్యాలనిపించింది. శంఖం మాట నీకు రాశానని గుర్తొచ్చి రోడ్డు మీదే ఆగిపోయాను. ఆ మాట చదివి కూడా నువ్వు నన్ను ఏమీ అనలేదు.

ఆఖరికి మాస్టారి గది ముందు తేలాను. ఆయనకి అంతా చెప్పాను. నువ్వు, గుడ్డ, చెవులు, క్లారినెట్, మేనేజరు గారి భార్య, అన్నీ. ఈసారి డాక్టరమ్మ దగ్గరికి పంపలేదు. తరవాత అడిగాడు: "అయితే ఇన్నాళ్లూ నేను చెప్పినవేవీ నువ్వు వినలేదా?"

ఏం చెప్పారన్నాను.

చెప్పాడట అత్తా, ప్రతి వారమూ. "అద్భుతం" అన్నాక "ఒక్క చిన్న సంగతి" అని మొదలుపెట్టి, పై తీగ గురించి, నిలబడే తీరు గురించి, గడ్డం గురించి. నేను కావాలని అపశ్రుతి వాయించిన రోజు కూడా "ఏదో వెతుకుతున్నావు" అన్నాక, అరమెట్టు తగ్గిందని వివరంగా చెప్పాడట. మొదటి మాట చెవిన పడగానే ఈయన నన్ను వదిలేశాడని నేను లోపల ఏడుపు మొదలుపెట్టేదాన్ని. మిగతాది వినేదెవరు? ఇది చెబితే మా రూమ్మేట్ పడీ పడీ నవ్వింది. "అద్భుతం" అనేది వీళ్లకి "రండి, కూర్చోండి" లాంటిదట. అసలు మాట ఆ తరవాతే వస్తుందట. నేను గుమ్మంలోంచే తిరిగి వచ్చేశాను, ప్రతి వారమూ.

కాగితం వెనక్కి తీసుకున్నాను. మణికట్టు వెనక్కి రావడానికి ఇంకా టైం పడుతుంది, నొప్పి తగ్గింది. ఉన్న కొద్ది రోజులూ ఆయన చెబితే నేను చివరిదాకా కూర్చుని విన్నాను. తిట్టడం రాదు గానీ, మనిషి మహా పట్టుదల గలవాడు. ఒకే వరస మూడు గంటలు వాయింపించాడు నాతో, ప్రతిసారీ "అద్భుతం" అంటూనే.

నిన్న పెద్దవాళ్ల ముందు వాయించాను. పొడవాటి గది, చెక్క నేల, బల్ల వెనక ఐదుగురు. నడిచి వెళ్తుంటే అడుగుల చప్పుడు నాకే పెద్దగా వినిపించింది. వయొలిన్ ఎత్తాను. ఎప్పుడూ మొదటి స్వరానికి ముందు నాకు నువ్వు కనబడతావు, నోరు తెరవబోతూ. నిన్న కనబడలేదు. నేనేం వాయించినా నువ్వు వినలేవు. అది తెలిసి చెయ్యి తేలికైంది అత్తా. ఈ మాట రాయకూడదని రాత్రంతా అనుకున్నాను. నీకు కాకపోతే ఇంకెవరికి రాయను? అంత తేలిగ్గా నా చెయ్యి ఎప్పుడూ కదల్లేదు. ఎక్కడ తప్పు పోయిందో, పోయిన క్షణంలోనే తెలిసింది. రెండుచోట్ల. భయం వెయ్యలేదు, దిద్దుకుని ముందుకి వెళ్లాను.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను, నువ్వు లేకపోతే తేలిగ్గా ఉందని. అటు పోయేవాళ్లంతా నేను పరీక్ష తప్పాననుకుని భుజం తట్టి వెళ్లారు. డాక్టరమ్మ దిగుతూ చూసి, పరుగున పైకెళ్లి టిష్యూల పెట్టె తెచ్చింది. పాపం, ఆవిడ మొహంలో ఎంత తృప్తో!

ఫలితం ఈ పొద్దున్న గోడ మీద అంటించారు. నా పేరుంది. సీటు నిలిచింది. మాస్టారు ఏమన్నాడో నీకు రాయక్కర్లేదు.

కానీ నాకు అది నిన్ననే తెలుసు, చివరి స్వరం ఆగినప్పుడే. వాళ్లు తల ఎత్తకముందే, ఎవరూ నోరు తెరవకముందే.

బాగా వాయించాను అత్తా.

నీ శిష్యురాలు